దీపావళికి ‘సేవా’ గిఫ్ట్ బాక్సులు కొంటున్నారా? బెంగళూరు తెలుగువాళ్లకి జాగ్రత్త హెచ్చరిక

2025 అక్టోబర్ 20న దీపావళి. వైట్‌ఫీల్డ్, కాడుగోడి, మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో స్టాళ్లు మొదలైపోయాయి. వాటిలో “దివ్యాంగుల చేతులతో చేసిన దీపాలు, లాభమంతా వాళ్ల హాస్టల్‌కే, 80జి రసీదు (విరాళానికి పన్ను తగ్గింపు కోసం చూపించుకునేది) కూడా ఇస్తాం” అంటూ అమ్మే గిఫ్ట్ బాక్సులు కనిపిస్తే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పోయిన దీపావళికి, అంటే 2024లో, మా అపార్ట్‌మెంట్‌లోనూ మా ఆఫీసులోనూ చాలామందిమి ఇవే కొన్నాం. ఒక్కో బాక్సు 1,450 రూపాయలు. చుట్టాలకి పంచడానికి పది, పదిహేను తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అమ్మినవాళ్ల పేరు రాయట్లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. రాసినా పెద్ద లాభం లేదు లెండి, ఈ ఏడాదికి ఇంకో బోర్డు కట్టుకునే ఉంటారు. అందుకే పద్ధతి ఎలా ఉంటుందో చెబుతున్నా.

వచ్చినతను తెలుగువాడే. “మాది మదనపల్లె దగ్గర అక్కా, మనోళ్లని చెప్తున్నా” అని మొదలుపెట్టాడు. మన ఏరియా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో చేర్చారు, అక్కడ రోజూ సేవా కార్యక్రమాల ఫోటోలు పెట్టేవాడు. అసోసియేషన్‌కి స్టాల్ అద్దె కట్టాడు, గేట్లో పర్మిషన్ దొరికింది. ఇక మనవాళ్లందరికీ అదే భరోసా: “అసోసియేషన్ వాళ్లు చూసుకోకుండా లోపలికి వదులుతారా?” అసోసియేషన్ వాళ్లు చూసుకున్నది స్టాల్ అద్దె ఒక్కటే. బొంతలు అమ్మేవాడికైనా, పానీపూరీ బండికైనా వాళ్లు అడిగేది అదే. పైగా ఇతను స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయిపోయేలా చెప్పాడు. బంధువులకి గిఫ్ట్ అయిపోతుంది, పిల్లలకి సాయం అవుతుంది, “టాక్స్‌లో సగం వెనక్కి వచ్చేస్తుంది అక్కా.”

బాక్సు పైకి బాగానే ఉంది. బంగారు రంగు వేసిన మట్టి ప్రమిదలు, వత్తుల ప్యాకెట్, గాజు గ్లాసులో ఒక క్యాండిల్, ఒక డబ్బా కుకీలు. కొత్త ప్రమిదలు నూనె తాగేస్తాయని మా అత్తగారు ముందురోజు రాత్రే వాటిని నీళ్లలో నానబెడతారు. వీటినీ అలాగే బకెట్లో వేశారు. పొద్దున చూస్తే నీళ్ల మీద బంగారు పొడి తేలుతోంది. ప్రమిదల అడుగున “స్పెషల్ హ్యాండ్స్‌తో చేసినవి” అని ఇంగ్లీషులో అంటించిన స్టిక్కర్లు నాని ఊడిపోయాయి. వాటి కింద ఇంకో స్టిక్కర్ ఉంది. ఏదో హోల్‌సేల్ దుకాణానిది, ఒక కోడ్ నంబరు, డజను ధర 110 రూపాయలు. ఆవిడ చదవకుండానే, “ఇవి అచ్చులో పోసినవే, చేత్తో చేస్తే అన్నీ ఇలా కవల పిల్లల్లా ఉంటాయా?” అనేశారు. కుకీల డబ్బా మీద తయారీదారు పేరు లేదు, తేదీ లేదు, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేదు. ఎంఆర్‌పీ సంగతి సరేసరి. ప్యాక్ చేసి అమ్మే తినే వస్తువు దేనిమీదైనా ఇవన్నీ ఉండాలి, సేవ పేరు చెప్పినంత మాత్రాన మినహాయింపు లేదు.

లీఫ్‌లెట్ మీద వేసిన సెంటర్ మాత్రం నిజంగానే ఉంది, హొసకోటె దారిలో. ఒక శనివారం మా పక్క ఫ్లాట్ ఆవిడ, నేను కలిసి వెళ్లాం. మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న యువతీయువకులకి అక్కడ పని నేర్పిస్తారు. మేం వెళ్లినప్పుడు ఒక పెద్ద బల్ల చుట్టూ కూర్చుని పాత న్యూస్‌పేపర్లతో కవర్లు అతికిస్తున్నారు. చూసుకునే మేడమ్ సగం కన్నడం, సగం తెలుగులో మాట్లాడారు. మా బాక్సు చూడగానే నవ్వి, లోపలికెళ్లి వాళ్లు చేసిన ప్రమిద ఒకటి తెచ్చి పక్కన పెట్టారు. అంచు ఒకవైపు మందం, ఒకవైపు పలచన. వత్తి పెట్టే మూతి దగ్గర బొటనవేలి గుంట అలాగే ఉండిపోయింది. రంగు లేదు. ధర 15 రూపాయలు. “మా పిల్లలు ఒక్కొక్కరు రోజుకి పది చేస్తే మాకు పండగే అమ్మా, ఇన్ని వందల బాక్సులకి ఎక్కడినుంచి వస్తాయి?” అన్నారు. అతను ఒకసారి వచ్చాడట, కొన్ని ప్రమిదలు కొన్నాడట, పిల్లలతో ఫోటోలు దిగాడట. అంతే. మన దగ్గర వసూలైన డబ్బులో ఆ సెంటర్‌కి చేరింది ఆ ప్రమిదల ఖరీదు మాత్రమే. ఫోటోలు మాత్రం ఏడాది పొడుగునా గ్రూపుల్లో తిరిగాయి. డబ్బు పోయిన దానికంటే నాకు కడుపు మండింది ఇక్కడ. ఆ మేడమ్‌కి ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ముందు “మీరు నిజమైనవాళ్లేనా?” అని అడుగుతున్నారట.

ఇక రసీదు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఐటీ జనం పడేది ఇక్కడే. క్యూఆర్ స్కాన్ చేస్తే ట్రస్టు పేరు రావాల్సిన చోట ఒక మనిషి పేరు వచ్చింది. అడిగితే “మా ట్రెజరర్ అకౌంట్ అక్కా, ట్రస్టుది అప్‌డేట్ అవుతోంది” అన్నాడు. పే నొక్కే ముందు ఫోన్‌లో కనిపించే పేరే డబ్బు వెళ్లే పేరు, బోర్డు మీద ఏం రాసుకున్నా సరే. రసీదు మీద ట్రస్టు ముద్ర, కింద “80జి వర్తిస్తుంది” అని పెద్దక్షరాలు, ఒక పాన్ నంబరు ఉన్నాయి. పాన్‌లో నాలుగో అక్షరం ఎవరిదో చెప్పేస్తుంది. ట్రస్టుకైతే టి, కంపెనీకైతే సి, సొసైటీలకి కొన్నిసార్లు ఏ ఉంటుంది. మా రసీదు మీద ఉన్నది పి. అంటే ఒక వ్యక్తి సొంత పాన్. 80జి అనుమతి ఉన్న సంస్థకి ఆదాయపన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అంటారే, యూఆర్ఎన్, అది ఎక్కడా లేదు.

అసలు కిటుకు గడువులో ఉంది. విరాళం తీసుకున్న సంస్థ ఆ ఆర్థిక సంవత్సరం వివరాలన్నీ ఫారం 10బీడీలో ఆదాయపన్ను శాఖకి ఇవ్వాలి, మనకి ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. గడువు తర్వాతి మే 31. దీపావళికి డబ్బు కడితే సర్టిఫికెట్ కోసం మే దాకా ఆగడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. “మేలో వచ్చేస్తుంది అక్కా” అంటే నిజమేననిపిస్తుంది. 2025 మే వచ్చింది, సర్టిఫికెట్ రాలేదు, అతని నంబరు గ్రూపులోంచి మాయమైంది. ఈ ఫారం లేకుండా రిటర్న్‌లో చూపించుకుంటే నోటీసు మనకే వస్తుంది, అతనికి కాదు.

“సగం వెనక్కి” అన్న మాట కూడా లెక్కేసి చూడండి. 50 శాతం మినహాయింపు ఉన్న సంస్థకి 10,000 ఇస్తే మన ఆదాయంలోంచి 5,000 తగ్గుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి మిగిలేది సెస్సుతో కలిపి 1,560 రూపాయలు. అదీ పాత పన్ను పద్ధతిలో ఉంటేనే. కొత్త పద్ధతి ఎంచుకున్న ఉద్యోగులకి 80జి లేనే లేదు, 2023-24 నుంచి మనం ఏమీ చెప్పకపోతే పడేది కొత్త పద్ధతిలోనే. నగదుగా 2,000 దాటి ఇస్తే వర్తించదు, బియ్యం బస్తాలు, దుప్పట్లు ఇచ్చినా వర్తించదు. అన్నిటికంటే ముఖ్యం, 80జి విరాళానికి. డబ్బిచ్చి బాక్సు ఇంటికి తెచ్చుకుంటే అది కొనుగోలు, దానికి కావాల్సింది బిల్లు. వస్తువుకి పూర్తి ధర తీసుకుని అదే మొత్తానికి విరాళం రసీదు రాసిస్తామన్నారంటే అక్కడే ఆగిపోండి.

అతన్ని నిలదీసినవాళ్లకి వచ్చిన జవాబు కూడా చెప్పాలి. “ఆ డబ్బు పిల్లలకి ఖర్చయిపోయింది సార్, వాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోమంటారా?” ఈ మాటకి గట్టిగా అడిగేవాళ్లు కూడా సగంమంది చల్లబడిపోయారు. “పోనీలే, పుణ్యానికి పోయింది” అనుకునేవాళ్ల మీదే ఈ వ్యాపారమంతా నడుస్తుంది.

ఈసారి ఎవరైనా ఇలా వస్తే కొనేదాన్నీ ఇచ్చేదాన్నీ విడదీయమనండి. బాక్సు ఖరీదు ఎంత, విరాళం ఎంత, విరాళం భాగం ఏ సంస్థ ఖాతాలోకి వెళుతుంది? నిజమైనవాళ్లు దీనికి మొహం మాడ్చుకోరు, నేరుగా సంస్థ ఖాతాకే కట్టమంటారు. ఆ పేరు ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్‌లో మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో వెతకండి. “నీతి ఆయోగ్ దర్పణ్ నంబరు ఉంది” అని కార్డు చూపిస్తారు. అది స్వచ్ఛంద సంస్థల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదు మాత్రమే, ప్రభుత్వం మెచ్చి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. లీఫ్‌లెట్ మీద సెంటర్ పేరుంటే దానికి మీరే ఫోన్ చేయండి, నంబరు మాత్రం లీఫ్‌లెట్ మీదిది కాకుండా వేరేచోట పట్టుకుని చేయండి. అనాథాశ్రమం పేరుతో వచ్చి పిల్లల మొహాలు, పేర్లు, ఏ ఊరినుంచి వచ్చారో అన్నీ బ్యానర్ మీద వేసేవాళ్లని మరీ అనుమానించండి. అలాంటి ఆశ్రమాలు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద నమోదై ఉండాలి. పద్ధతిగా నడిపేవాళ్లు పిల్లల గుర్తింపు బయటపడకుండా చూసుకుంటారు.

ఇదంతా చదివి ఎవరికీ ఇవ్వడం మానేయకండి, మన చుట్టూ మంచి చోట్లకి కొదవ లేదు. కుందలహళ్లి గేట్ దగ్గర కరుణాశ్రయ చివరి దశ కేన్సర్ రోగులని ఒక్క పైసా తీసుకోకుండా చూసుకుంటుంది. లింగరాజపురంలోని అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ 1959 నుంచి వికలాంగులకి చదువు, పని నేర్పిస్తోంది. బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఇవ్వాలనుకుంటే 2000లో ఈ ఊళ్లోనే మొదలైన అక్షయపాత్ర ఉంది. ప్రమిదలంటారా, నేనైతే ఈసారి హొసకోటె దారిలో సెంటర్‌కే ముందుగా చెప్పి ఉంచాను. వంకరటింకరగా ఉన్నాయని మా అత్తగారికి అవే నచ్చాయి.

ఇప్పటికే డబ్బు కట్టేసినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. వస్తువు విషయంలో మోసానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే 5 లక్షల లోపు మొత్తానికి ఫీజు లేదు, కాబట్టి కోర్టు ఖర్చులని టెన్షన్ పడక్కర్లేదు. పోయిన ఏడాది మాలాగే బాక్సులు కొన్నవాళ్లు ఈ పోస్టు కింద ఒక మాట రాయండి, అందరం కలిసి ఒకే ఫిర్యాదుగా ఇస్తే బరువుంటుంది. పేమెంట్ స్క్రీన్‌షాట్, రసీదు, గ్రూపులో అతను పెట్టిన మెసేజ్‌లు దాచుకోండి. బాక్సు అటకమీద ఇంకా ఉంటే పారేయకండి, ప్రమిదల అడుగు స్టిక్కర్ మెల్లిగా తడిపి తీసి, కింద ఏముందో ఫోటో పెట్టండి.