క్యుబెక్ షుగర్ టార్ట్‌కి మేపుల్ పంచదార: ఆ ఖరీదు గిట్టుబాటేనా?

మేపుల్ చెట్టు తీపి రసం నుంచి చేసే మేపుల్ పంచదార, మామూలు పంచదారతో పోలిస్తే బాగా ఖరీదు. దాన్ని కాఫీలో కలుపుకోవడం దండగ, రుచి తెలియను కూడా తెలియదు. కెనడాలోని క్యుబెక్‌లో ఇళ్లలో చేసే షుగర్ టార్ట్‌కి (పిండితో చేసిన గిన్నెలాంటి షెల్‌లో తీపి మిశ్రమం పోసి ఓవెన్‌లో కాల్చే వంటకం) మాత్రం పెట్టిన డబ్బు దక్కుతుంది. అక్కడా చాలామంది బ్రౌన్ షుగర్‌తోనే కానిచ్చేస్తారు. తీపికి లోటుండదు గానీ ఆ మేపుల్ పరిమళం రాదు.

కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల్లో మేపుల్ తప్ప ఇంకో పేరు ఉండకూడదు. "మేపుల్ ఫ్లేవర్" అని ఉంటే పక్కన పెట్టేయండి. గడ్డలు కట్టడం మాత్రం లోపం కాదు, తేమ పీల్చిందంతే. దంచి జల్లిస్తే సరిపోతుంది.

మేపుల్ సిరప్‌ను, అంటే ఆ చెట్టు రసాన్ని మరిగించి చిక్కబరిచిన పాకాన్ని, సుమారు 125 డిగ్రీల దాకా కాచి, దించి, పొడి అయ్యేదాకా ఆపకుండా కలిపితే వచ్చేదే ఈ పంచదార. నీరు దాదాపు పోతుంది. సిరప్‌లో మూడో వంతు నీరే కాబట్టి, పంచదార బదులు అంతే సిరప్ పోస్తే టార్ట్ గట్టిపడదు, కోస్తే జారిపోతుంది.

23 సెంటీమీటర్ల టార్ట్‌కి 250 గ్రాముల మేపుల్ పంచదార, 35 శాతం కొవ్వున్న క్రీమ్ 250 మి.లీ., మైదా 30 గ్రాములు, వెన్న 30 గ్రాములు, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు. ఉప్పు మానొద్దు, లేకపోతే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. ముందు పంచదార, మైదా, ఉప్పు పొడిగా కలిపి, క్రీమ్ కొద్దికొద్దిగా పోస్తూ సన్నని సెగ మీద పలుకు కరిగేదాకా తిప్పాలి. వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా తగలకూడదు. మరగనివ్వొద్దు. దించి వెన్న వేసి, గోరువెచ్చగా అయ్యాకే గిలక్కొట్టిన గుడ్లు కలపాలి. వేడి మీద పోస్తే గుడ్డు విరిగి తునకలు తేలతాయి.

పచ్చి పిండి షెల్‌లో మూడొంతులే నింపండి, ఉడికేటప్పుడు పొంగుతుంది. ఓవెన్ కింది అరలో, ముందే కాలిన ట్రే మీద పెడితే అడుగు మెత్తబడదు. 190 డిగ్రీల్లో 15 నిమిషాలు, తర్వాత 175కి తగ్గించి 25 నుంచి 30. అంచులు గట్టిపడి నడిమధ్య కాస్త వణుకుతుండగానే తీసేయాలి. ఈ పంచదార తొందరగా రంగు తిరుగుతుంది, పైన నల్లబడుతుంటే ఫాయిల్ కప్పండి.

కనీసం మూడు గంటలు చల్లారనివ్వాలి. వేడిగా కోసి "గట్టిపడలేదు" అని పంచదారను తిట్టే సమీక్షలు బోలెడు; తప్పు పంచదారది కాదు.