అరుగులు మిగిలిన ఊరు: అహ్మదాబాద్‌లో మూడు రోజులు

మొదటి రాత్రి సబర్మతికి పడమటి ఒడ్డున, కొత్త ఊళ్లో ఒక హోటల్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగుంది. పక్క గదిలో ఎవరున్నారో మాత్రం ఖాళీ చేసేదాకా తెలియలేదు.

మర్నాడు పాత ఊళ్లోని ఒక పోల్‌కి, హోమ్‌స్టేగా మార్చిన చెక్క హవేలీకి మారాం. ఆటో సందులోకి రాదు, సామాను మనమే మోసుకోవాలి. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఫోన్ చేసి కింది గది అడగండి.

పోల్ అంటే ఒకే దర్వాజా లోపల ఒదిగిన ఇళ్ల గుంపు. ఆ తలుపు మూస్తే వీధి మొత్తం ఒకే ఇల్లు. గుమ్మాల ముందు మన అరుగు లాంటివే ఉంటాయి, వాటిని ‘ఓట్లా’ అంటారు. సాయంత్రం ఊరికే అలా కూర్చున్నాను. కాసేపట్లోనే ఇద్దరు పెద్దాయనలు ఏ ఊరని అడిగారు, ఎదురింటావిడ చాయ్ తెచ్చింది. మా ఊళ్లో రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇంటి అరుగు పోయింది. ఆ తర్వాత నాన్నతో కబుర్లకి వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఆ చాయ్ తాగుతుంటే అదే గుర్తొచ్చింది.

ఇంటి మధ్యలో మండువాలాగే ఆకాశం కనిపించే చౌక్, దాని కింద వాననీళ్లు దాచే ‘టాంకా’. కూడలిలో స్తంభం మీద పక్షులకి గింజలు పోసే చబూత్రో. కట్టినవాళ్లు పిట్టలకి కూడా చోటు వదిలారు!

పొద్దున కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలయ్యే హెరిటేజ్ వాక్ తప్పక చేయండి. సందులన్నీ తిరిగి, 1424 నాటి జామా మసీదు దగ్గర ముగుస్తుంది. రాత్రి తిండికి మానెక్ చౌక్ వెళ్లాం. పగలు నగల బజారు, రాత్రి తిండి బజారు. రుచి బాగుంది, రద్దీలో పిల్లలతో కష్టమే. అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ డిజైన్ చేసిన ఐఐఎం ఎర్ర ఇటుక గోడలు గొప్పగా ఉన్నాయి. అయినా నా మనసు పోల్ దగ్గరే ఉండిపోయింది.

2017లో యునెస్కో ఈ పాత ఊరిని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. అయినా తాళాలు పడిన ఇళ్లు, గోదాములైన కింది అంతస్తులు చాలా చూశాం. నగిషీలు చెక్కిన కలప బీటలు తీస్తోంది. చాలా కుటుంబాలు కార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లకి వెళ్లిపోయాయి. వాళ్లని తప్పుపట్టలేను. అందుకే ఇక్కడ బస చేయండి, మన అద్దె డబ్బులు ఏదో ఒక ఇంటి దూలానికైనా పనికొస్తాయి.

మళ్లీ వెళ్తే జనవరి 14న, ఉత్తరాయణ్‌కి వెళ్తాను. డాబాల మీద గాలిపటాల పండగ. గది మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలట.