లేత్ పక్కన పనిముట్ల స్టాండు: ఆరేళ్లు వాడాక నా మాట

మా ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గరలో. పెరటి షెడ్డులో 12 అంగుళాల వ్యాసం దాకా కర్ర పట్టే లేత్, అంటే కర్రని గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం, పెట్టుకుని ఆరేళ్లు దాటింది. గిన్నెలు, కుంకుమ భరిణెలు, పిల్లలకి బొంగరాలు తిప్పుతుంటాను. ఏ ఉలి కొనాలి, ఏ చక్ (కర్రని దవడలతో పట్టి ఉంచే బిగింపు) కొనాలి అని చాలామంది అడుగుతారు. కొన్నవాటిని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ అడగరు. ఈ ఆరేళ్లలో నేను పెట్టుకునే పద్ధతి రెండుసార్లు మార్చాను. మొదటి రెండూ ఎందుకు తీసేశానో చెబితే మూడోది ఎందుకు నచ్చిందో తెలుస్తుంది.

మొదట లేత్ వెనక గోడకి చెక్క అర కొట్టించాను. కన్నాల్లో ఉలులన్నీ వరసగా నిలబడితే చూడముచ్చటగా ఉండేది. అప్పట్లో నాకు పొడుగు చేతుల చొక్కాలు వేసుకునే అలవాటు. ఒకరోజు మామిడి గిన్నె 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) మీద తిరుగుతుండగా పార్టింగ్ టూల్ (కర్రని తెగ్గోసే సన్నని ఉలి) కోసం గిన్నె మీదుగా చెయ్యి చాచాను. చక్ దవడ అంచు కఫ్‌కి తగిలి టప్‌మంది. గుండీ ఊడి ఎగిరిపోయింది, చెయ్యి దక్కింది. ఆ సాయంత్రమే అర విప్పేశాను, పొడుగు చేతులూ మానేశాను. తిరిగే కర్ర మీదుగా చెయ్యి వెళ్లాల్సిన చోట ఏ వస్తువూ ఉండకూడదని ఆ రోజు పెట్టుకున్న నియమం ఇప్పటికీ నడుస్తోంది.

తరవాత ఆన్‌లైన్‌లో అయస్కాంతం పట్టీలు రెండు కొన్నాను, ఒక్కొక్కటి 18 అంగుళాలు. అంటించే టేపు చాలు, మేకులు అక్కర్లేదని పెట్టె మీద రాసి ఉంది. వానాకాలం తేమకి టేపు వదిలేసింది. అరంగుళం బౌల్ గౌజ్ (గిన్నెలు తొలిచే గాడి ఉలి) సిమెంటు నేల మీద పడి మొన విరిగింది. దాన్ని సానపట్టి మళ్లీ ఆకారానికి తేవడానికి పావుగంట పట్టింది, మంచి ఉక్కు కొంత పోయింది. అమ్మినవాళ్లకి రాస్తే గడువు దాటిందన్నారు. తరవాత స్క్రూలతో బిగించాను, అయినా ఇంకో చిక్కు మిగిలింది. ఉలి కొస పట్టీకి అంటుకుని ఉన్నా బరువంతా కింద పిడిలోనే ఉంటుంది. మోచెయ్యి తగిలితే చాలు, జారిపోతుంది. పైగా రెండేళ్లకి ఉలుల కొసలకే అయస్కాంత గుణం వచ్చింది. గ్రైండర్ దగ్గరకి తీసుకెళ్తే ఉక్కు రజను మొన మీద సన్నని గడ్డంలా నిలబడేది. అలాగే కర్రకి ఆనిస్తే లేత రంగు చెక్క మీద నల్లటి గీత పడుతుంది. ఇప్పుడు ఆ పట్టీల మీద ఆలెన్ కీలు, స్పానర్లు, డ్రైవ్ సెంటర్ (కర్రలో దిగి దాన్ని తిప్పే మొన), ఆ సెంటర్‌ని బయటికి తన్నే ఇనుప కడ్డీ మాత్రమే ఉంటాయి. వాటికి ఆ పట్టీని మించింది లేదు.

మూడోది నేనే చేసుకున్నాను, నాలుగేళ్లుగా వాడుతున్నాను. 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపుని తొమ్మిది ముక్కలు చేశాను. వెనక వరసవి పొడుగు, ముందు వరసవి పొట్టి. వాటిని ప్లైవుడ్ పలకకి వెనక్కి వాల్చి బిగించి, వంటింట్లో వాడే మూడంతస్తుల చక్రాల ట్రాలీకి తగిలించాను. పిడి కిందికి, మొన పైకి. దీంతో ఏ ఉలి స్క్యూ, ఏది స్క్రేపరో వెతక్కుండానే తెలుస్తుంది.

మొదటిసారి పైపుల అడుగు మూసేశాను, అది పొరపాటు. పచ్చి కర్ర తిప్పితే పొట్టు రిబ్బన్లలా లేచి పైపుల్లో పడుతుంది. వారంలో రెండంగుళాలు పేరుకుంది. తడి పొట్టులో దిగబడి పిడులు ఉబ్బాయి. ఇప్పుడు అడుగున వేలెడు వెడల్పు అడ్డపట్టీ మాత్రమే ఉంది. పిడి దాని మీద నిలబడుతుంది, పొట్టు కిందికి రాలిపోతుంది. లేత్ దగ్గర అడుగున్న పెట్టె ఏది పెట్టినా పొట్టుతో నిండుతుంది, అందుకే చిన్న సామాన్లకి ఇనుప జల్లెడ తట్టలు వాడుతున్నాను.

ట్రాలీని నా కుడి పక్కన, టెయిల్‌స్టాక్ (కర్ర రెండో కొసని ఆనించి పట్టే భాగం) దాటాక పెడతాను. గిన్నె లోపలి భాగం తొలిచేటప్పుడు టెయిల్‌స్టాక్ తీసేసి దాని చోటుకి ట్రాలీని జరుపుతాను. టెయిల్‌స్టాక్‌లో ఉండే లైవ్ సెంటర్‌ని ఖాళీగా వదిలేస్తే దాని మొన మోచేతిలో దిగుతుంది. మనవడు షెడ్డులోకి వస్తే పైన ప్లైవుడ్ మూత వేస్తాను.

చక్ దవడలు బిగించే కీ సంగతి వేరే చెప్పాలి. చక్‌లో మరిచిపోయి మోటారు వేస్తే అది ఎటు ఎగురుతుందో తెలీదు. అందుకే స్విచ్ పక్కనే కొక్కెం కొట్టాను. కొక్కేనికి కీ కనిపించకపోతే స్విచ్ నొక్కను. కీ కనిపించినా సరే, మోటారు వేసే ముందు కర్రని చేత్తో ఒక చుట్టు తిప్పి చూస్తాను.

ఇక్కడ ఏటికొప్పాక గుర్తొస్తుంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసే ఊరు. అక్కడ ఒకాయన పని చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. నాలుగైదు ఉలులే, రంగు లక్క కడ్డీలు, నిగారింపుకి మొగలి ఆకు. అన్నీ కుడిచేతికి అందేంత దూరంలో. తిరిగే కర్ర మీద నుంచి ఆయన చూపు తిప్పలేదు, చెయ్యి తనంతట తాను వెళ్లి కావలసింది తెచ్చుకుంది. ఇంటికొచ్చి ట్రాలీ పైపుల్లోంచి నెలకోసారి కూడా ముట్టని ఆరు ఉలులు తీసి బీరువాలో పెట్టాను. అక్కడి నుంచి తెచ్చుకున్న లక్క కడ్డీలని మాత్రం మేలో రేకు షెడ్డులో వదిలేశాను. మెత్తబడి పసుపూ ఎరుపూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడవి ఇంట్లోనే ఉంటాయి.

గరుకు కాగితాలకి ఐదు గదుల మూత డబ్బా ఉంది: 120, 180, 240, 320, 400. వాడేసిన ముక్కని ఏ గదిలోనూ వెయ్యను. 120 రేణువు ఒక్కటి 400 గదిలోకి చేరినా అరగంట నునుపు చేసిందంతా గీతలు పడుతుంది.

తుప్పు బాధ మా ఊళ్లో తప్పదు. పచ్చి తుమ్మ కర్ర తిప్పి ఉలి అలాగే పెట్టేస్తే తెల్లారేసరికి నల్లగా మచ్చలు కడుతుంది. పైపులో పెట్టేముందు ప్రతి ఉలినీ నూనె గుడ్డతో తుడుస్తాను. దానికి కుట్టుమిషను నూనె చాలు. అవిసె నూనె పూత వేసిన గుడ్డలు వేరు, వాటిని ముద్దగా ట్రాలీ మీద పడేయకూడదు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోవచ్చు, కింద చూస్తే ఎండిన పొట్టు. పని అయిన వెంటనే బయట తీగ మీద విడివిడిగా ఆరేస్తాను.

ట్రాలీ చక్రాలు మాత్రం బాగోలేవు. బ్రేకు ఉన్నది రెండింటికే, వాటిలోనూ పొట్టు ఇరుక్కుని సరిగ్గా పట్టవు. బరువైన దుంగ కుదుపుకి ట్రాలీ నెమ్మదిగా నా వైపే జరుగుతుంటుంది. ప్రస్తుతం చక్రాలకి చెక్క ముక్క అడ్డం పెడుతున్నాను. వచ్చే నెల నాలుగింటికీ బ్రేకున్న పెద్ద రబ్బరు చక్రాలు వేస్తాను.