పెళ్లి బట్టలకి మాంబళం దిగితే

మరదలి పెళ్లి బట్టలకి చెన్నైలోని టీ.నగర్ వెళ్లాల్సిందేనని మా అత్తయ్యగారు పట్టుబట్టారు. నెల్లూరులో పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్లో దిగాం. ఆటోవాళ్లు చెప్పిన రేటు విని, రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కాం. అక్కణ్ణుంచి అయిదో స్టేషను మాంబళం, టీ.నగర్‌కి దిగాల్సింది అక్కడే.

తూర్పు వైపు బయటికొస్తే రంగనాథన్ వీధే. స్టీలు సామాన్లు, నైటీలు, పనసతొనలు, వీటి మధ్య ఇసకేస్తే రాలని జనం. మా ఆవిడ చిన్నపిల్లలా వాళ్లమ్మ కొంగు పట్టుకుని నడిచింది. ఇదంతా తప్పించుకోవచ్చని మాకు తర్వాత తెలిసింది. స్టేషను నుంచి బస్టాండు దాకా 2023లో స్కైవాక్ తెరిచారు, లిఫ్టులు కూడా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులుంటే పైనుంచే వెళ్లండి.

బస దగ్గర దెబ్బతిన్నాం. "షాపులకి రెండడుగులే సార్" అంటే నమ్మి, ఉస్మాన్ రోడ్డు వెనక సందులో లాడ్జి తీసుకున్నాం. రోజుకి 2,200. కిటికీ తీస్తే పక్కింటి గోడ, అర్ధరాత్రి దాటాక కూడా సరుకు దింపే చప్పుళ్లు. మర్నాడే పట్టాలకి అవతల, వెస్ట్ మాంబళానికి మారిపోయాం. స్టేషను అదే, ఊరు మాత్రం వేరే. వాకిళ్లలో ముగ్గులు, అయోధ్య మండపం చుట్టుపక్కల పూలు, ఫిల్టర్ కాఫీ, మెస్సులో అరిటాకు భోజనం. గది చిన్నదే కానీ నిద్ర పట్టింది. నా ఓటు దీనికే. వానాకాలంలో మాత్రం జాగ్రత్త, పట్టాల కిందుగా టీ.నగర్ వైపు వెళ్లే దొరైస్వామి సబ్‌వేలో నీళ్లు నిలుస్తాయి. నిలవక ఏం చేస్తాయి? 1920ల్లో మాంబళం పెద్ద చెరువుని ఎండగట్టి వేసిన పేట టీ.నగర్. చెరువు పోయినా వెస్ట్ మాంబళంలో లేక్ వ్యూ రోడ్డన్న పేరు మిగిలింది.

పేర్లలో మనవాళ్లు బాగానే కనిపిస్తారు. టీ.నగర్ అంటే త్యాగరాయనగర్, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. పానగల్ పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇల్లుండేది. పెళ్లికి ముందు తిరుపతి నుంచి టూరిస్టు బస్సులో వచ్చి ఆ గేటు ముందు నిలబడ్డారట అత్తయ్యగారు. ఈ ప్రయాణం చీరల కోసమేనా అని నాకు అప్పుడు డౌటొచ్చింది.

పట్టుచీరలు పానగల్ పార్కు దగ్గర నల్లిలో తీసుకున్నాం. 1928 నాటి కొట్టు. సేల్స్‌మన్ తెలుగులోనే మాట్లాడాడు, బేరం మాత్రం లేదు. చిల్లర మల్లర కొనడానికి పాండీ బజార్ నయం. 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి బెంచీలు వేశారు. ఆడవాళ్లు కొంటుంటే నేను ఆ బెంచీల మీదే రెండు గంటలు గడిపాను. జి.ఎన్.చెట్టి రోడ్డులో మురుగన్ ఇడ్లీ కొట్టుకి వెళ్లాం, ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీలే ఇంకా బాగున్నాయి. ఆటోల సంగతి అడగకండి. మేం వెళ్లినప్పుడు మెట్రో పనుల వల్ల దారులు మళ్లించారు, ఏ ఆటోవాడూ మీటరెయ్యలేదు. ఆదివారం అసలు పెట్టుకోకండి, మంగళవారం మాకు ఊపిరాడింది.

తిరుగు ప్రయాణంలో నాలుగు సంచులతో స్టేషను వంతెన ఎక్కాం. పైనుంచి చూస్తే రంగనాథన్ వీధి నిండా తలలే. అత్తయ్యగారు ఆగి అటే చూసి, "అయ్యో, గాజులు కొనలేదే" అన్నారు.