ఇంటికొచ్చి సీఆర్‌పీ టెస్ట్ చేసే మా వీధి ల్యాబ్: పని బాగుంది, రిపోర్ట్‌తో జాగ్రత్త

పోయిన నెల మా నాన్నకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. వణుకు, 103 జ్వరం, తుప్పు రంగు కళ్లె. ఎక్స్‌రే చూసి బ్యాక్టీరియా న్యుమోనియా అన్నారు, ఆక్సిజన్ బాగానే ఉంది కాబట్టి ఇంట్లోనే మందులు వాడుతూ సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) టెస్ట్ మళ్లీ చేయించమన్నారు. ఆయాసపడే మనిషిని ఆటోలో తిప్పలేక మా వీధి ల్యాబ్‌వాళ్లని పిలిచాం.

రక్తం తీసే అబ్బాయికి పూర్తి మార్కులు. పొద్దున్న ఆరున్నరకే వచ్చాడు, ఒక్క పోటుతో అయిపోయింది, మధ్యాహ్నానికి రిపోర్ట్ ఫోన్లో ఉంది.

టెన్షన్ పెట్టింది ఆ రిపోర్టే. మొదటిరోజు వేరేచోట చేయిస్తే 164, మూడోరోజు వీళ్ల దగ్గర 7.4. తగ్గిపోయిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం, అమ్మయితే ఇంక మందులెందుకు అనేసింది. తీరా చూస్తే మొదటిది లీటరుకి మిల్లీగ్రాముల్లో, వీళ్లది డెసిలీటరుకి, అంటే అసలు లెక్క 74! సగానికి పైగా తగ్గింది, మందు పనిచేస్తోందని డాక్టరుగారు సంతోషించారు గానీ కోర్సు మాత్రం ఆపొద్దన్నారు. కొలమానం కంటికి కనబడనంత చిన్న అక్షరాల్లో వేస్తే మామూలు జనానికి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి, ఐఎల్-6 (ఇంటర్‌ల్యూకిన్-6) అనే రక్తపరీక్ష కూడా చేయించండి, 1,800 అవుతుంది అని ఫోన్లో ఒకటే ఒత్తిడి. డాక్టరుగారిని అడిగితే వివరంగా చెప్పారు. ఊపిరితిత్తుల గాలి సంచుల్లో బ్యాక్టీరియా కనబడగానే అక్కడి రక్షణ కణాలు సైటోకైన్లు అనే కబురు అణువుల్ని వదులుతాయట. వాటిలో ఐఎల్-8 తెల్లకణాల్ని రక్తంలోంచి అక్కడికి రప్పిస్తుంది, ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ లాంటివి మెదడుకి చేరి జ్వరం తెప్పిస్తాయి, ఐఎల్-6 కాలేయానికి వెళ్లి సీఆర్‌పీ తయారుచేయిస్తుంది. ఇవి మితిమీరితే రక్తనాళాల్లోంచి నీరు కారి గాలి సంచులు నిండిపోతాయి, ఆయాసం పెరుగుతుంది. అందుకే ఐఎల్-10 లాంటివి మళ్లీ తగ్గించే పని చూస్తాయి. ఇంట్లో కోలుకుంటున్న మనిషికి సీఆర్‌పీ చాలు, ఐఎల్-6 కి డబ్బు పెట్టొద్దన్నారు. అసలు సీఆర్‌పీ మొదట దొరికిందే న్యుమోనియా రోగుల రక్తంలోనట, 1930లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో.

వీళ్ల ఫారంలో ఏ మందులు వాడుతున్నారనే ప్రశ్నే లేదు. ఇది నాకు చాలా పెద్ద లోపంగా అనిపించింది, ఎందుకంటే మా పిన్ని కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకుంటుంది, అది ఐఎల్-6 పనినే అడ్డుకుంటుంది కాబట్టి లోపల ఇన్ఫెక్షన్ ముదిరినా సీఆర్‌పీ నార్మల్‌గానే రావచ్చు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే రిపోర్ట్ బాగుందని ఊరుకోకండి, ఆ ఇంజెక్షన్ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆరోరోజు మళ్లీ వీళ్లనే పిలిచాం, 2.1 వచ్చింది, ఈసారి పదితో హెచ్చవేసుకునే చదివాం.