కర్నూలు ల్యాబ్‌లో కడుపు క్యాన్సర్ ‘ఇన్‌ఫ్లమేషన్ ప్యాకేజీ’: నెత్తురు తీయడం బాగుంది, రిపోర్టే బాగాలేదు

కర్నూలులో ఒక ప్రైవేటు ల్యాబ్ ఇస్తున్న ప్యాకేజీ ఇది. బయాప్సీలో కడుపు క్యాన్సర్ అని తేలినవాళ్లకు ఒకేసారి నెత్తురు తీసి సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉంటే పెరిగే ప్రోటీన్), అల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) చేస్తారు. వాటి నుంచి ఎన్‌ఎల్‌ఆర్ (న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే తెల్లకణాల నిష్పత్తి), పీఎల్‌ఆర్ (ప్లేట్‌లెట్లు, లింఫోసైట్స్ నిష్పత్తి), ఎస్‌ఐఐ (ఆ మూడు కణాలతో కట్టే ఇన్‌ఫ్లమేషన్ సూచిక), పీఎన్‌ఐ (తిండి, బలం సూచిక), ఎంజీపీఎస్ (సీఆర్‌పీ, అల్బుమిన్‌లతో వేసే మాడిఫైడ్ గ్లాస్గో ప్రోగ్నోస్టిక్ స్కోరు) అని ఐదు లెక్కలు కట్టి, ఒక్కోదాని పక్కన ఎరుపో పచ్చో రంగు వేసి ఇస్తారు. మొత్తం మీద 5కి 3. నెత్తురు తీసే పనికైతే 4 ఇవ్వొచ్చు. రిపోర్టుకు మాత్రం 2 మించి ఇవ్వలేం.

ముందు డబ్బు సంగతి. ఈ ఐదింటిలో కొత్త పరీక్ష ఒక్కటీ లేదు. కీమోకు ముందు ఎక్కడైనా సీబీపీ, లివర్ పరీక్ష చేస్తారు. అల్బుమిన్ ఆ లివర్ పరీక్షలోనే వస్తుంది. దానికి సీఆర్‌పీ ఒక్కటి కలిపితే ప్యాకేజీలో ఉన్నదంతా చేతికి వచ్చినట్టే. మిగతా లెక్క ఫోన్‌లో రెండు నిమిషాల పని.

ఉదాహరణకు ఒకరి తెల్లకణాలు 8,000, అందులో న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్స్ 20 శాతం, ప్లేట్‌లెట్లు 3,20,000, అల్బుమిన్ 3.4, సీఆర్‌పీ లీటరుకు 14 మిల్లీగ్రాములు అనుకుందాం. 70ని 20తో భాగిస్తే ఎన్‌ఎల్‌ఆర్ 3.5. లింఫోసైట్స్ 1,600 కాబట్టి 3,20,000ని దాంతో భాగిస్తే పీఎల్‌ఆర్ 200. ప్లేట్‌లెట్లను ఎన్‌ఎల్‌ఆర్‌తో గుణిస్తే ఎస్‌ఐఐ 11,20,000. కొందరు వేలల్లో తీసుకుని 1,120 అని రాస్తారు, రెండూ ఒకటే. పీఎన్‌ఐకి అల్బుమిన్‌ను 10తో గుణించి, లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించి కలపాలి: 34 ప్లస్ 8, అంటే 42. ఎంజీపీఎస్‌కు సీఆర్‌పీ 10 దాటిందా అన్నది మొదటి ప్రశ్న. దాటకపోతే 0. దాటి, అల్బుమిన్ 3.5 లేదా ఆపైన ఉంటే 1. దాటి, అల్బుమిన్ 3.5 కంటే తక్కువైతే 2. ఈ మనిషికి 2.

ఈ అంకెల వెనక ఉన్న సంగతి ఇది. గడ్డ చుట్టూ ఒళ్లు రగులుతూ ఉంటే (ఇదే ఇన్‌ఫ్లమేషన్) ఐఎల్-6 లాంటి, ఆ రగులుడును కబురు చేసే పదార్థాలు నెత్తురులోకి వస్తాయి. వాటి దెబ్బకు లివర్ సీఆర్‌పీ ఎక్కువ చేసి అల్బుమిన్ తగ్గిస్తుంది. న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు గడ్డ పెరగడానికి, పాకడానికి సాయపడతాయి. దానితో పోరాడేవి లింఫోసైట్లు, అవి తగ్గిపోతాయి. అందుకే ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువగా, పీఎన్‌ఐ తక్కువగా ఉన్నవాళ్ల ఫలితాలు గుంపుగా చూస్తే అంత బాగా ఉండవని చాలా అధ్యయనాల్లో కనిపించింది. గుంపు సగటు వేరు, ఎదురుగా కూర్చున్న మనిషి వేరు. ఆ మనిషి విషయంలో గడ్డ ఎంత లోతుకు పోయింది, ఎన్ని లింఫు గ్రంథులకు పాకింది, లివర్‌కో పొట్ట పొరకో చేరిందా అన్నదే మొదట చూడాల్సింది. ఈ ప్యాకేజీ ఆ స్టేజింగ్‌కు తోడు మాత్రమే. క్యాన్సర్ ఉందో లేదో చెప్పడానికి అసలే పనికిరాదు, దానికి ఎండోస్కోపీ, బయాప్సీ తప్ప దారి లేదు.

రిపోర్టులో మా మొదటి అభ్యంతరం ఆ రంగులే. ఎన్‌ఎల్‌ఆర్ 3 దాటితే ఎరుపు అని వేస్తున్నారు. అందరూ ఒప్పుకున్న హద్దు అంటూ దీనికి లేదు. 2 దగ్గర గీత గీసిన అధ్యయనాలున్నాయి, 5 దగ్గర గీసినవీ ఉన్నాయి. 2.9కి పచ్చ, 3.1కి ఎరుపు వేస్తే ఆ కాగితం చూసిన ఇంటివాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆ తేడా ఉదయం తీసిన శాంపిల్‌కు, సాయంత్రం తీసిన శాంపిల్‌కు మధ్య కూడా రావచ్చు. పీఎన్‌ఐకి మాత్రం కొంచెం ఆధారమున్న హద్దులున్నాయి. 1984లో జపాన్ సర్జన్ ఒనోదెరా బృందం 45 పైన ఉంటే పేగు కోసి కలిపే ఆపరేషన్ భద్రంగా చేయొచ్చనీ, 40, అంతకంటే కిందికి వస్తే వద్దనీ చెప్పింది. అది తిండి, బలం కొలిచే లెక్కగా మొదలైంది. ఆపరేషన్‌కు ముందు ఇప్పటికీ ఆ చూపుతో చూడటమే మంచిది.

రెండోది యూనిట్ల గందరగోళం. ఇదే అన్నిటికంటే ప్రమాదం. సీఆర్‌పీని కొన్ని మెషిన్లు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు చూపిస్తాయి. లీటరుకు 14 అన్నది డెసిలీటరుకు 1.4. ఆ 1.4ను అలాగే లెక్కలో వేస్తే 10 దాటలేదు కాబట్టి ఎంజీపీఎస్ 0 అయిపోతుంది. అసలు 2 ఉండాల్సిన మనిషికి పచ్చరంగు! ఈ ల్యాబ్ రిపోర్టులో సీఆర్‌పీ పక్కన యూనిట్ చిన్న అక్షరాల్లో ఉంది, ఎంజీపీఎస్ పక్కన ఏ విలువ వాడారో అసలు లేదు. పాత గ్లాస్గో స్కోరు జీపీఎస్‌లో అల్బుమిన్ ఒక్కటే తగ్గినా 1 వేసేవారు, మార్చిన ఎంజీపీఎస్‌లో అది 0. ఏది వాడారో రిపోర్టులో రాయాలి.

మూడోది, మనిషి ఏ పరిస్థితిలో ఉన్నాడో అడిగే గడే ఫారంలో లేదు. డెక్సా (కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్) సూది పడితే కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు పడిపోతాయి. ఎన్‌ఎల్‌ఆర్ ఆకాశానికి పోతుంది, గడ్డకు దాంతో సంబంధం లేదు. కీమో తర్వాత కణాలు పెరగడానికి ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ కూడా అంతే. టైఫాయిడ్, పంటి చీము, యూరిన్ ఇన్‌ఫెక్షన్, ఏదున్నా లెక్క మారిపోతుంది. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులకు సీఆర్‌పీ శిఖరానికి చేరుతుంది, అది సహజం. కడుపులో పుండు నుంచి నెత్తురు కారి ఐరన్ తగ్గినవాళ్లలో ప్లేట్‌లెట్లు పెరిగి పీఎల్‌ఆర్ ఎక్కువ చూపిస్తుంది. అల్బుమిన్ బాటిల్ ఎక్కించిన మరుసటి రోజు పీఎన్‌ఐ చూసి సంబరపడితే అది బాటిల్ బలమే, ఒంటి బలం కాదు.

ఇక బాగున్న వైపు. నెత్తురు తీయడానికి ఇంటికి వచ్చే కుర్రాళ్లకు పని తెలుసు. గ్లూకోజు ఎక్కుతున్న చేతికి సూది వేయరు. అలా వేస్తే నెత్తురు పలచబడి అల్బుమిన్ తక్కువ చూపిస్తుంది. చేతికి బిగించిన పట్టీ నిమిషం దాటనివ్వరు, దాటితే అల్బుమిన్ ఎక్కువ చూపిస్తుంది. సీబీపీకి వాడే ఊదా మూత ట్యూబును గీత దాకా నింపి, ఊపకుండా, ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేస్తారు. డబ్బాలో ఐస్ ప్యాక్‌కు ట్యూబు తగలకుండా గుడ్డ అడ్డం పెడతారు. మే నెలలో కర్నూలు ఎండకు బండి డబ్బాలో శాంపిల్ ఉడికిపోతుంది, ఐస్‌కు ఆనిస్తే ప్లేట్‌లెట్లు ముద్ద కడతాయి. ఈ రెండు తిప్పలూ తప్పించడం చిన్న విషయం కాదు.

ఆదోని, ఎమ్మిగనూరు కలెక్షన్ సెంటర్ల నుంచి వచ్చే శాంపిళ్ల దగ్గర ఈ జాగ్రత్త సడలుతోంది. రిపోర్టు మీద ల్యాబ్‌కు చేరిన టైమ్ ఉంటుంది, నెత్తురు తీసిన టైమ్ ఉండదు. నెత్తురు తీసిన ఆరు గంటల లోపు మెషిన్‌లో పెట్టారో లేదో ఆ రెండో టైమ్ లేకుండా ఎలా తెలుస్తుంది? ప్లేట్‌లెట్లు ఉన్నట్టుండి లక్ష లోపు వస్తే భయపడకముందు స్మియర్‌లో (స్లైడు మీద పూసిన నెత్తురులో) ముద్దలున్నాయేమో చూడమనండి. ముద్దలుంటే నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ చేసి, వచ్చినదాన్ని 1.1తో గుణించాలి.

మెషిన్ గురించి కూడా అడగండి. కర్నూలు మెయిన్ ల్యాబ్‌లో తెల్లకణాలను ఐదు రకాలుగా విడదీసే ఫైవ్ పార్ట్ మెషిన్ ఉంది, సెంటర్లలో మూడు రకాలుగానే విడదీసే త్రీ పార్ట్. త్రీ పార్ట్‌లో న్యూట్రోఫిల్స్ విడిగా రావు, గ్రాన్యులోసైట్స్ అని కలిపి వస్తాయి. చేత్తో స్లైడు మీద వంద కణాలు లెక్కపెట్టి శాతం వేస్తే ఇంకా ఇబ్బంది: నిజంగా 20 శాతం ఉన్న లింఫోసైట్లు ఆ లెక్కలో 13 నుంచి 29 దాకా ఎంతైనా కనబడవచ్చు. ఎన్‌ఎల్‌ఆర్ 2 అయినా రావచ్చు, 6 అయినా రావచ్చు. అల్బుమిన్‌కూ ఇలాంటిదే ఉంది. అల్బుమిన్ కొలవడానికి బీసీజీ, బీసీపీ అని రెండు రంగుల పద్ధతులున్నాయి. బీసీజీ పద్ధతిలో చేసిన అల్బుమిన్ బీసీపీ పద్ధతి కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. 3.5 గీత దగ్గర ఉన్నవాళ్లకు ల్యాబ్ మారితే స్కోరే మారిపోతుంది.

కాబట్టి ఈ ప్యాకేజీ తీసుకున్నా, మూడు పరీక్షలూ విడిగా చేయించుకున్నా, ప్రతిసారీ అదే ల్యాబ్‌లో, మెయిన్ బ్రాంచిలోనే ఇవ్వండి. మొదటి శాంపిల్ కీమో గానీ ఆపరేషన్ గానీ మొదలుకాకముందు, జ్వరం లేని రోజున పడాలి. ఆ తర్వాతివి ప్రతి కీమో సైకిల్ ముందు, డెక్సా వేయకముందే. కొన్నిచోట్ల డెక్సా మాత్రలు ముందురోజు నుంచే ఇస్తారు, అలాగైతే అంతకంటే ముందే. చీటీ వెనక నెత్తురు తీసిన టైమ్, చివరి కీమో తేదీ, డెక్సా, ఫిల్‌గ్రాస్టిమ్, రక్తం, అల్బుమిన్ ఎప్పుడు ఇచ్చారో, జ్వరం ఉందో లేదో పెన్నుతో రాసి, రంగుల కాగితంతో పాటు డాక్టరుకు ఇవ్వండి.