సీమ ఎండను, గాలిని ఏ రూపంలో అమ్మితే మేలు?

2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ఒక రైలు కదిలింది. 43 శీతల కంటెయినర్లలో 980 టన్నుల అరటికాయలు. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు చేరి, అక్కణ్ణుంచి ఇరాన్‌కు ఓడెక్కాయి. వాన కోసం మొగులు చూసే జిల్లా నుంచి పండు పరదేశం పోయిందని విన్నరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దాంతోపాటే ఒక ప్రశ్న కూడా పట్టుకుంది. నీళ్లు తాగే అరటే పోగలిగినప్పుడు, మనకు ఏ లోటూ లేని ఎండా గాలీ ఎందుకు పోలేవు? పోతే ఏ రూపంలో పోవాలి?

మా మేనల్లుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి ఒక సోలార్ పార్కులో పనిచేస్తున్నాడు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాడు ఇదే మాట ఇంకోలా అడిగాడు. "మామా, ఇంత కరెంటు మన కాడే పుడుతాంటే, మనోళ్లు ఇంకా కువైట్‌కు ఎందుకు పోతాండారు?" వాడికి చెప్పిన జవాబునే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మనం చేస్తున్నది కరెంటును తీగ మీద పంపడం. గని, శకునాల ఊళ్ల దగ్గర కర్నూలు సోలార్ పార్కు 2017లో పూర్తయింది. 1000 మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాలు. అప్పటికి ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో అది ఒకటి. పెట్టుబడిదారుల్లో జపాన్ సాఫ్ట్‌బ్యాంకు సంస్థ కూడా ఉంది. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 3.15 రూపాయలకు దిగింది, గెలిచింది ఫ్రెంచి సంస్థ. అంటే ప్రపంచం మన గడపలోకి వచ్చింది, మన సరుకు మాత్రం గడప దాటలేదు. అప్పట్లో దేశమంతటా బిగించిన ప్యానెళ్లలో ఎక్కువ భాగం చైనావి. డబ్బు బయటిది, యంత్రం బయటిది, మనది నేల. పార్కు కట్టేటప్పుడు పని బాగానే దొరుకుతుంది. కట్టడం అయ్యాక కాపలా, కడగడం, అప్పుడప్పుడూ మరమ్మతు, అంతే. కౌలుకిచ్చిన రైతుకు ఎకరాకు ఏడాదికి ముప్పై వేల చుట్టూ వస్తుంది. వానాధారపు శెనక్కాయ చేలకు అది చిన్న మాట కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ చేలో కూలికి పోయినవాళ్లకు కౌలులో వాటా లేదు.

ఈ దారికి ఇంకో బలహీనత ఉంది. కరెంటు కొనేది డిస్కమే (ఇళ్లకు కరెంటు పంచే ప్రభుత్వ సంస్థే) కాబట్టి, అంతా ప్రభుత్వ మాట మీదే నిలబడుతుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు తగ్గించాలని సమీక్షకు దిగింది. వ్యవహారం కోర్టుకెక్కి, 2022 మార్చిలో హైకోర్టు కంపెనీల పక్షాన తీర్పిచ్చేదాకా నలిగింది. ధర ఎక్కువా తక్కువా అన్న వాదన అలా ఉంచండి. ఒకసారి రాసుకున్న ఒప్పందం నిలుస్తుందో లేదోనన్న అనుమానం పుడితే, తర్వాత వచ్చేవాడు ఆ భయానికి కూడా వడ్డీ కట్టుకుని ధర చెబుతాడు.

రెండో దారి ప్యానెళ్లు చేసి ఎగుమతి చేయడం. చాలామంది ఆశ దీని మీదే. నాకు మాత్రం సీమ వరకు ఇది అంతగా నచ్చలేదు. ప్యానెల్ తయారీలో ఏ దశ తీసుకున్నా 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో లెక్క తేల్చింది. ఆ స్థాయికి చైనా ఎలా వచ్చింది? జర్మనీ 2000లో చట్టం చేసి, సోలార్ కరెంటుకు ఇరవై ఏళ్లపాటు స్థిరమైన ధర ఇస్తానంది. గిరాకీ పుట్టింది జర్మనీలో, దాన్ని అందుకోవడానికి లేచినవి చైనా ఫ్యాక్టరీలు. ధరలు ఎంతగా పడ్డాయంటే, ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద సోలార్ సెల్ కంపెనీ అయిన జర్మనీ క్యూసెల్స్ 2012లో దివాలా తీసింది. చైనా కంపెనీలు మాత్రం సుఖంగా ఉన్నాయా? 2013లో సన్‌టెక్ ప్రధాన కంపెనీ కూడా దివాలాకెక్కింది. ఈ వ్యాపారంలో పోటీ అంత కరుకుగా ఉంటుంది.

మన దేశం దిగుమతి సుంకాలు వేసి, తయారీకి ప్రోత్సాహకాలిచ్చి ఫ్యాక్టరీలను నిలబెట్టింది. ఎగుమతులూ మొదలయ్యాయి. చైనా సరుకుకు అమెరికా తలుపులు మూయడంతో 2023, 24 ఏళ్లలో మన ప్యానెళ్ల ఎగుమతి దాదాపు మొత్తం అమెరికాకే పోయింది. 2025 ఆగస్టులో అదే అమెరికా మన సరుకులు చాలావాటి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఒక్క షావుకారునే నమ్ముకున్న రైతుకు ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైగా ప్యానెల్‌కు కావలసిన ముడిసరుకులో చాలాభాగం ఇప్పటికీ ఓడలో దిగాల్సిందే, అందుకే ఈ ఫ్యాక్టరీలు తీరాన్ని వెతుక్కుంటాయి. కడపలో ట్రాన్స్‌ఫార్మర్లు చేస్తూ పెరిగిన షిర్డీసాయి ఎలక్ట్రికల్స్ కూడా ప్రోత్సాహక పథకానికి ఎంపికయ్యాక ప్యానెళ్ల ఫ్యాక్టరీ కోసం నెల్లూరు తీరాన్నే చూసుకుంది.

ఇక మూడో దారి గ్రీన్ హైడ్రోజన్, అమ్మోనియా. ఎండ, గాలి కరెంటుతో నీళ్లను విడగొట్టి తీసేది గ్రీన్ హైడ్రోజన్, దాంతో చేసేది అమ్మోనియా. కిలో హైడ్రోజన్ చేయాలంటే యాభై యూనిట్లకు మించి కరెంటు, కనీసం తొమ్మిది లీటర్ల శుద్ధజలం కావాలి. శుద్ధి చేయడంలో పోయేది వేరే. గుక్కెడు నీళ్లకు ట్యాంకర్ కోసం చూసే ఊళ్లలో ఈ ఫ్యాక్టరీ పెట్టమని నేను అడగను. ఓడరేవు ఉన్న కాకినాడే దీనికి తగిన చోటు. సీమ వంతు మళ్లీ కరెంటు పంపడమే, కాకపోతే ఈసారి గడియారం చూసుకుని పంపాలి. గ్రీన్ అనిపించుకోవాలంటే ఏ గంటలో హైడ్రోజన్ చేశారో ఆ గంటలోనే పుట్టిన కరెంటు కావాలన్నది ఐరోపా 2030 నుంచి పెట్టబోతున్న నియమం. రాత్రి ఎండ ఉండదు కాబట్టే నిల్వకు విలువ పెరుగుతుంది. గోరకల్లు రిజర్వాయరు పక్కన పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి అక్కడే అక్కరకొస్తాయి. పగటి కరెంటుతో నీళ్లను పై చెరువుకు ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. అవే నీళ్లు మళ్లీ మళ్లీ తిరుగుతాయి, ఆవిరయ్యేది నింపుకుంటే చాలు.

నా ఓటు నాలుగోదానికి. గాలిమరల రెక్కలు, టవర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెళ్లను మోసే ఇనుప చట్రాలు, వీటన్నిటి మరమ్మతు. ఇవి బరువైనవి, పొడవైనవి. ఇప్పటి గాలిమర రెక్క ఒక్కోటి అరవై మీటర్లు దాటుతోంది. దాన్ని మోసే లారీ మలుపు తిరగాలంటే ఊరి ట్రాఫిక్ అంతా ఆగాల్సిందే. దూరం నుంచి తేవడం అంత కష్టం కాబట్టే ఫ్యాక్టరీ గాలి ఉన్నచోటికి నడిచొస్తుంది. అనంతపురం దగ్గర కూడేరులో సుజ్లాన్ రెక్కల ఫ్యాక్టరీ అలా వచ్చిందే. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. మా ఊళ్లలో వాటిని ఫ్యాన్లంటారు. ముప్పై ఏళ్లుగా మన కళ్లముందు తిరుగుతున్న యంత్రం ఇది.

డెన్మార్క్ ఈ దారినే పోయింది. 1973 చమురు సంక్షోభంలో దెబ్బతిన్న చిన్న దేశం. వ్యవసాయ పనిముట్లూ క్రేన్లూ చేసుకునే వెస్టాస్ అనే కంపెనీ 1979లో మొదటి గాలిమరలు అమ్మింది. కొన్నది ఎవరనుకున్నారు? చాలావరకు ఊళ్లో రైతులు, పదిమంది కూడి పెట్టుకున్న సహకార సంఘాలు. యంత్రం పాడైతే మెకానిక్ సైకిలు మీద పోయేంత దూరం. తప్పులు ఇంట్లోనే బయటపడ్డాయి, ఇంట్లోనే దిద్దుకున్నారు. అప్పుడు కాలిఫోర్నియాకు పంపితే, అమెరికా యంత్రాలు విరిగిన చోట వీళ్లవి నిలిచాయి. ఐతే వాళ్లూ ఒక తప్పు చేశారు. కాలిఫోర్నియానే నమ్ముకున్నారు. 1985 చివర అక్కడ పన్ను రాయితీ ఆగింది, 1986లో వెస్టాస్ అప్పులు కట్టలేక చేతులెత్తేసి, మరుసటి ఏడాది కొత్తగా లేచి నిలబడాల్సి వచ్చింది.

డెన్మార్క్ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది సబ్సిడీ కాదు. రిసో ప్రయోగశాలలో 1978లో గాలిమరల పరీక్షా కేంద్రం పెట్టారు. అక్కడ నెగ్గిన యంత్రానికే ప్రభుత్వ సాయం. ఆ ముద్ర చూసే పరదేశి కొన్నాడు.

ముద్ర సంగతి మనకు కొత్తేమీ కాదు. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) ప్రపంచమంతా చమురు బావుల తవ్వకానికి పోతోందంటే, సాపేక్ష సాంద్రత (నీళ్లతో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో ఆ లెక్క) 4.2 దాటిన రాయని పరీక్ష చేసి చూపబట్టే. అరటికైనా అంతే. కడిగి, గ్రేడు చేసి, డబ్బాలో పెట్టి, చల్లబరిస్తేనే కొన్నారు. పెనుకొండ కియా కార్లు 2019లో ముందు మన రోడ్ల మీద తిరిగి, ఆ వెంటే ఓడలెక్కాయి. రోడ్డూ రైలూ మనకు లేకపోలేదు. గుత్తి, తాడిపత్రి, మైదుకూరు, బద్వేలు మీదుగా పోయే 67వ జాతీయ రహదారి తిన్నగా కృష్ణపట్నం పోర్టుకే చేరుతుంది. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి రైలు మార్గం 2019లోనే తెరిచారు. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక నగరాలకు కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది.

లేనిదల్లా పరీక్షించే చోటు. మన గాలిమరలకు సర్టిఫికెట్ ఇచ్చే జాతీయ సంస్థ చెన్నైలో ఉంది, దాని పరీక్షా కేంద్రం తమిళనాడు కాయత్తారులో ఉంది. ఓర్వకల్లులో ఫ్యాక్టరీలకు గీసే ప్లాట్ల పక్కన, రెక్కలను వంచి విరిచి చూసే షెడ్డుకూ ట్రాన్స్‌ఫార్మర్లకు పరీక్ష పెట్టే ల్యాబుకూ కొన్ని ఎకరాలు ముందే తీసి ఉంచమని మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాలి. రాయితీలు ఎన్నైనా ఇవ్వనీ, ఆ ల్యాబులో నెగ్గిన సరుకుకే ఇవ్వమనాలి.

మేనల్లుడికి మాత్రం వాడి చేతిలో ఉన్న పని చెప్పాను. గాలిమర ఎక్కేవాళ్లకు గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ వాళ్ల భద్రతా శిక్షణ ఉంది. ఎత్తులో పని, ప్రథమ చికిత్స, మంటలార్పడం, బరువులెత్తడం. ఆ సర్టిఫికెట్ డెన్మార్క్‌లోనూ చెల్లుతుంది, ఇక్కడా చెల్లుతుంది. వాడు ఫోనులో చాలాసేపు వెతికి, "ఇది అనంతపురంలోనే పెడితే ఎంత బాగుంటాది మామా" అన్నాడు.